యాంటీఆక్సిడెంట్ డ్రిప్ నిజంగా ఎక్కడ పనికొస్తుంది?

గ్లూటాథయోన్ (కణాలను హాని నుంచి కాపాడేందుకు మన శరీరమే తయారుచేసుకునే యాంటీఆక్సిడెంట్), విటమిన్ సి సెలైన్‌లో ఎక్కించుకుంటే లివర్ శుభ్రపడి, చర్మం రంగు తేలుతుందా అన్నది ప్రశ్న. బాగా రుజువైన వాడకం బ్యూటీ క్లినిక్‌లో కాదు, ఎమర్జెన్సీ వార్డులో ఉంది.

పారాసిటమాల్ మోతాదు మించితే లివర్‌లో ఒక విషపదార్థం పోగవుతుంది. దాన్ని విరిచేది గ్లూటాథయోన్. ఆ నిల్వ అడుగంటితే లివర్ కణాలు చచ్చిపోతాయి. అప్పుడు ఎక్కించేది గ్లూటాథయోన్ కాదు, అది తయారవడానికి ముడిసరుకైన ఎన్-అసిటైల్ సిస్టీన్. పాత పద్ధతిలో కిలో బరువుకు 150 మి.గ్రా. గంటలో, 50 మి.గ్రా. తర్వాతి 4 గంటల్లో, 100 మి.గ్రా. ఆ తర్వాత 16 గంటల్లో ఇస్తారు. మాత్రలు మింగిన 8 గంటల్లోపు మొదలుపెడితే లివర్ దాదాపు ఎప్పుడూ దక్కుతుంది. ఈ మందుకు దద్దుర్లు, ఆయాసం లాంటివి వస్తే ఎక్కువగా మొదటి డోసులోనే వస్తాయి, ఎందుకంటే అదే వేగంగా వెళ్తుంది. అలా వచ్చినవాళ్లలో చాలామందికి డ్రిప్ ఆపి, వాటికి మందిచ్చి, నెమ్మదిగా మళ్లీ ఎక్కిస్తారు. మొదటి రోజు మనిషి మామూలుగానే కనిపించవచ్చు. అది చూసి ఇంట్లో ఆగిపోవడమే అసలు ప్రమాదం.

రంగు కోసం వేసే గ్లూటాథయోన్ ఇంజెక్షన్లకు గట్టి ఆధారం లేదు. డబ్బు దండగ అనే నా అభిప్రాయం.

విటమిన్ సి పెద్ద డోసు సంగతి ఇంకా జాగ్రత్త. 2022లో వచ్చిన లోవిట్ అనే ట్రయల్‌లో సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రాణాపాయ స్థితి) రోగులకు అది మేలు చేయకపోగా, మరణం లేదా అవయవాల వైఫల్యం ఎక్కువగా కనిపించింది. ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉంటే ఆ కణాలు పగిలిపోవచ్చు, అందుకే ముందు ఆ పరీక్ష తప్పనిసరి. కిడ్నీ జబ్బుంటే, విటమిన్ సి నుంచి తయారయ్యే ఆక్సలేట్ అనే పదార్థం పేరుకోవచ్చు. ఇది ఎక్కించాక కొన్ని గ్లూకోమీటర్లు షుగర్‌ని లేనంత ఎక్కువ చూపిస్తాయి. దాన్ని నమ్మి ఇన్సులిన్ వేస్తే షుగర్ పడిపోతుంది.