అటక దించేముందు

చిరంజీవి అమ్మడికి, భీమవరం నుంచి అత్త ఆశీర్వదించి రాసేది.

పండక్కి నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో పాలకొల్లు దిగి, రెండ్రోజుల్లో మీ నాన్న ఇల్లు ఖాళీ చేసి అద్దెకిచ్చేస్తానన్నావని మీ అన్నయ్య అమెరికా నుంచి ఫోన్ చేసి చెప్పాడు. మా అమ్మడికి ఇంత ధైర్యం ఎప్పుడొచ్చిందా అని మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే "సరే అత్తా, సరే" అని పెట్టేస్తావు. అందుకే కాయితం తీశాను.

ముందు అటక. కింద ఎవరైనా పట్టుకుంటేనే నిచ్చెన ఎక్కు. చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టు. ఆ ఇంటి తేళ్ళు నీకు తెలీవు, నాకు తెలుసు. ముక్కుకి గుడ్డ కట్టుకో. విరిగిన కుర్చీలూ మంచంకోళ్ళూ భోగిమంటలో వెయ్యి, వాటికి అదే మర్యాద. కాయితం ముక్క మాత్రం చదవకుండా వెయ్యకు. మీ నాన్న దస్తావేజులు బీరువాలో పెట్టే రకం కాదు, పాత పంచాంగాల మధ్య పెట్టేవాడు. ఇనపచువ్వకి గుచ్చిన కరెంటు బిల్లుల అడుగున ఏముందో దేవుడికెరుక. మీ అమ్మ చీరలు మడత విప్పి చూడు, తను డబ్బులు అక్కడే దాచేది.

ఇంకో మాట. "నాన్న చెత్తంతా" అన్నావట. చివుక్కుమంది. హార్లిక్స్ సీసాలు, మడత పెట్టి దాచిన బ్రెడ్డు కవర్లు, ఆగిపోయిన గడియారాలు, ఏ యేటివో వెంకట్రామా క్యాలెండర్లు. చెత్తే, కాదనను. కానీ చిన్నప్పుడు వాడు అలా లేడే! కొత్త పెన్సిలు కొనిస్తే సాయంత్రానికి ఎవరికో ఇచ్చేసి వచ్చేవాడు. వాణ్ణి అలా చేసింది నేను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

1979లో మా అమ్మ పోయింది. పన్నెండో రోజు అయ్యాక మీ నాన్న ఉద్యోగానికి విశాఖపట్నం వెళ్ళిపోయాడు. ఇంట్లో నేనూ మా నాన్నా మిగిలాం. ఎటు చూసినా అమ్మే. పొయ్యి దగ్గర ఊదుగొట్టం చూసినా ఏడుపే. అవి కళ్ళెదుట లేకపోతే దుఃఖం తగ్గుతుందనుకున్నాను. ఒక్క పూటలో ఇత్తడంతా బయటికి లాగాను. బిందెలు, గంగాళం, మరచెంబు అన్నీ తూకానికి ఇచ్చేసి స్టీలు కొన్నాను. అప్పట్లో స్టీలంటే గొప్ప. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా, చెప్పుకోడానికి సిగ్గేస్తోంది.

వాటిల్లో అమ్మ తవ్వ కూడా పోయింది. నువ్వు చూసి ఉండవు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ. లీటర్లూ కిలోలూ వచ్చి పదిహేనేళ్ళు దాటినా అమ్మ దాంతోనే బియ్యం కొలిచేది. అంచున పెద్ద సొట్ట. అమ్మ నిండా పోస్తే మీ నాన్న అరచేత్తో చదును చేసేవాడు. ఆ పని ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ పైన అమ్మ ఓ గుప్పెడు వేసేది, ఎవరైనా వస్తే ఉంటాయని.

భోగి ముందురోజు వచ్చాడు. చెప్పులు విప్పి తిన్నగా బియ్యం డబ్బా దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టి దేవాడు.

"తవ్వ ఏదక్కా?"

"సొట్టపోయింది కదరా, ఇచ్చేశాను. స్టీలు గ్లాసు ఉంది చూడు, ఎలా మెరుస్తోందో."

నన్ను నాలుగు తిట్టినా బావుండేది. కొట్టుకి పరిగెత్తాడు. పాత ఇత్తడంతా అజ్జరం వెళ్ళిపోయింది, కరిగించి గంటలూ గంగాళాలూ పోస్తారన్నారట. అప్పటికప్పుడు బస్సెక్కి అజ్జరం పోయాడు. చీకటి పడ్డాక వచ్చి కాళ్ళు కడుక్కుని, "కుప్పలు పోసున్నాయక్కా, ఎన్ని తవ్వలో" అన్నాడు. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అప్పట్నుంచి ఆ ఇంట్లోంచి సీసా మూత కూడా బయటికి పోనివ్వలేదు. మీ అమ్మ ఎంత మొత్తుకునేదో నీకు తెలుసు. నేను మాత్రం వాణ్ణి ఎప్పుడూ ఏమీ అనలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసిందిగా.

అందుకే రెండ్రోజులు చాలవంటున్నాను. సెలవు పెట్టి, కనుమ వెళ్ళాక కూడా ఉండు. మీ అన్నయ్యకి వీడియోలో ఒక్కొక్కటీ చూపించు. విసుక్కుంటాడు, అయినా చూపించు. "నీ ఇష్టం" అంటే నమ్మకు, నేనూ మీ నాన్నతో అనిపించుకున్నదే ఆ మాట. సీసాలూ కవర్లూ మాత్రం జాలి పడకుండా పారెయ్, వాటికి నా అనుమతి ఉందనుకో. ఏడుపొస్తే ఏడువు, పని పనే. కానీ వాడి కళ్ళజోడు చేతికొచ్చిన పూట ఇంకేమీ ముట్టుకోకుండా తాళం వేసి ఇటొచ్చెయ్. పాలకొల్లు నుంచి భీమవరం ఎంతసేపు? పప్పుచారు పెడతాను.

బియ్యం డబ్బాలో ఆ స్టీలు గ్లాసు ఉంటుంది. చివరిదాకా వాడు దాంతోనే కొలుచుకున్నాడు. పోయినేడు నేను వెళ్ళినప్పుడు చూశాను, అరచేత్తో చదును చేసి పైన గుప్పెడు వేస్తున్నాడు. ఒంటిగాడు, ఎవరొస్తారనో! అది ఎవరికీ ఇవ్వకు. నాకు తెచ్చిపెట్టు.

మీ అత్త

తేళ్ళ సంగతి మర్చిపోకు.