చెన్నైలో ఉండి కూచిపూడి నేర్చుకోవాలంటే: గది, గచ్చు, కాళ్ళు, తిండి

ప్రశ్న: డిగ్రీ అయింది. గుంటూరు నుంచి చెన్నై వెళ్ళి రెండేళ్ళపాటు కూచిపూడి గట్టిగా నేర్చుకుందామనుకుంటున్నాను. వారానికి నాలుగు రోజులు క్లాసు. గది ఎలాంటిది తీసుకోవాలి, రోజు ఎలా గడుస్తుంది?

జవాబు:

గది చూడ్డానికి వెళ్ళినప్పుడు అద్దె అడిగే ముందు గచ్చు చూడండి, ఆ తర్వాత కింద ఎవరుంటారో అడగండి. చెన్నైలో డాన్సు నేర్చుకునేవాళ్ళకి గురువులకీ తిండికీ కొదవ లేదు. రోజూ ఓ గంటన్నర నిశ్చింతగా అడుగులు వేసుకునే చోటు దొరకడమే కష్టం. క్లాసులో చూపించింది ఒంట్లోకి ఎక్కేది ఇంటి దగ్గర చేసినప్పుడే. అందుకే ఏరియా, బస్సు, భోజనం వేళ అన్నీ ఆ గంటన్నరని బట్టి అమర్చుకోవాలి.

పై అంతస్తు గది వద్దు. స్లాబు మీద మీరు మామూలుగా తట్టిన అడుగే కింది ఇంట్లో రోలు దంచినట్టు వినిపిస్తుంది. వారం తిరక్కుండా ఓనర్ వచ్చి తలుపు కొడతాడు. గ్రౌండ్ ఫ్లోర్ దొరికితే అద్దె కాస్త ఎక్కువైనా తీసేసుకోండి. డాన్సు చేస్తానన్న సంగతీ, ఏ వేళకి చేస్తానో కూడా అడ్వాన్సు చేతిలో పెట్టకముందే చెప్పేయండి. పది నెలల అద్దె అడ్వాన్సుగా అడిగే పాత పద్ధతివాళ్ళు అక్కడ ఇంకా ఉన్నారు. అంత డబ్బు వాళ్ళ దగ్గర ఇరుక్కున్నాక గొడవ వస్తే నష్టం మీకే. గజ్జెలు మాత్రం ఇంట్లో కట్టకండి, ఎంత మంచి ఓనరైనా సరే.

మైలాపూర్, మందవెల్లి పాత ఇళ్ళలో ఇప్పటికీ అక్కడక్కడా ఎర్ర గచ్చు కనిపిస్తుంది. నున్నటి టైల్స్ కంటే దాని మీద కాలు బాగా నిలుస్తుంది. టైల్స్ మీద చెమట చుక్క పడిందంటే మడమ జర్రున జారుతుంది. అలాగని యోగా మ్యాట్ పరిచారంటే ఇంకా ప్రమాదం. మ్యాట్ మీద పాదం అతుక్కుపోతుంది, భ్రమరి (గిర్రున తిరిగే అడుగు) వేస్తే ఒళ్ళు తిరుగుతుంది కానీ పాదం తిరగదు. ఆ మెలి అంతా మోకాలి మీదే పడుతుంది. పొడిగుడ్డ పక్కన పెట్టుకుని తుడుచుకుంటూ ఉత్త నేల మీదే చెయ్యండి. డాబా మీద చేస్తే పొద్దున ఏడులోపు ముగించాలి. ఎండాకాలంలో సాయంత్రం ఆరు దాటినా పలకల వేడి దిగదు, పలకల అతుకులు బొటనవేలి కింది చర్మాన్ని చీల్చేస్తాయి.

క్లాసు ఎక్కడో మీరు రాయలేదు. వెంపటి చినసత్యం గారు 1963లో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ లాంటి చోటైతే మందవెల్లి, ఆర్.ఏ.పురం వైపు చూసుకోండి. తిరువాన్మియూర్, అడయార్ వైపైతే బీచ్ నుంచి వేళచ్చేరి వెళ్ళే ఎమ్మార్టీఎస్ రైలు ఆ దారినే పోతుంది. స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు ఉంటే ఆటో ఖర్చు ఉండదు. 2021 నుంచి సిటీలో ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు. డీలక్స్, ఏసీ బస్సులకి మాత్రం ఉంది, ఎక్కేముందు చూసుకోండి. సముద్రానికి దగ్గర ఇళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఉంటాయి, తాగడానికి క్యాన్ తెప్పించుకోక తప్పదు.

ఇక సాధన. గంటన్నర అంటే గంటన్నరా నేల బద్దలుకొట్టమని కాదు. మొదటి పావుగంట చీలమండలు, పిక్కలు, తుంటి వేడెక్కించండి. తర్వాత నలభై నిమిషాలు అడవులు, అంటే నాట్యంలోని మూల అడుగులు, ఒక్కోటి మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో. నిదానంగా సాగే ఒకటో కాలం అందరికీ విసుగే, కానీ తప్పులు బయటపడేది అక్కడే. మూడో కాలంలో ఊపు అన్నిటినీ కప్పేస్తుంది. పూర్తి బలంతో తట్టేది ఇందులో మూడో వంతు ఉంటే చాలు, మిగతాది పాదం ఆనిస్తూ చెయ్యండి. జతులు, అంటే అడుగులకి తగ్గ తకధిమి లాంటి మాటలు, చేత్తో తాళం వేస్తూ నోటితో చెప్పుకోవచ్చు, దానికి నేలతో పనిలేదు, బస్సులోనూ అవుతుంది. క్లాసులో వీడియో తియ్యనివ్వని గురువులు చాలామందే ఉంటారు. బయటికి రాగానే, చెప్పులు వేసుకునేలోపే, ఆ రోజు జతి నోటుబుక్కులో రాసేసుకోండి. ఇంటికెళ్ళాక రాద్దామనుకుంటే ముక్తాయింపు (జతి ముగింపు) దగ్గర తప్పకుండా ఓ అక్షరం ఎగిరిపోతుంది.

ఇంట్లో మీ సాధనని వీడియో తీసుకునేటప్పుడు ఫోను ఎదురుగా కాకుండా పక్కన పెట్టి తీసుకోండి. అరమండిలో (మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చున్న భంగిమలో) పిరుదులు వెనక్కి పోతున్నాయా, మోకాళ్ళు ముందుకి వాలుతున్నాయా అన్నది పక్కనుంచే కనిపిస్తుంది. మోకాలిచిప్ప కాలి రెండో వేలి దిశలోనే ఉండాలి. తుంటి దగ్గర తిరగనిదాన్ని పాదాల దగ్గర బలవంతంగా తిప్పితే మోకాలి లోపలి వైపు నొప్పి మొదలవుతుంది.

కాలి నొప్పుల్లో తేడా తెలుసుకోవాలి. మోకాలి కింద ఎముక లోపలి అంచు వెంబడి జానెడు మేర సలుపుతూ, వేడెక్కాక తగ్గుతుంటే అది అలుపు వల్ల వచ్చిందే. వారం పది రోజులు తట్టడం మానేసి చేతులు, అభినయం చేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. అలా కాకుండా ఒక్క వేలు పెట్టి ఇక్కడే అని చూపించగలిగే నొప్పి, రాత్రి పడుకున్నా పోటు పెట్టేది అయితే ఎముకలో సన్నటి పగులు ఉండొచ్చు. మర్నాడే ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, కట్టు కట్టుకుని ప్రోగ్రాం చేసేయకూడదు. సన్నబడాలని తిండి తగ్గించి, నెలసరి ఆగిపోయినా పట్టించుకోని అమ్మాయిల్లో ఇవి ఎక్కువ.

మడమలు పగిలితే రాత్రి పదిహేను నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పైపైన రుద్ది, వాజలీన్ రాసి నూలు సాక్సు వేసుకుని పడుకోండి. గట్టిపడ్డ చర్మాన్ని మొత్తం గీకేయకండి, కాలుని కాపాడేది అదే.

భోజనం చేశాక రెండున్నర, మూడు గంటలు ఆగాలి. పొద్దున సాధనకి ముందు ఓ అరటిపండు, లేదా రెండు ఇడ్లీలు తిని ముప్పావుగంట ఆగితే సరిపోతుంది. చెన్నై ఉక్కకి ఉత్త నీళ్ళు చాలవు, ఉప్పు మజ్జిగ సీసా వెంట ఉండాలి. సాధనకి ముందూ తర్వాతా బరువు చూసుకోండి, కిలో తగ్గితే లీటరు నీళ్ళు పోయినట్టే. సాధన చీర నూలుదే కట్టండి, ఏ రోజుది ఆ రోజే ఉతకండి. మామూలు రోజుల్లో మూడు చీరలు చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో ఏదీ ఆరదు, నాలుగోది ఉండాలి.

తరంగం పళ్ళెం, అంటే తరంగం ఆడేటప్పుడు అంచు మీద నిలబడే ఇత్తడి పళ్ళెం, ఇంటికి తెచ్చుకోవద్దు. అంచుని కాలివేళ్ళతో పట్టుకుని జరిపితే టైల్స్ మీద ఒక్కసారిగా ముందుకి పోతుంది, గచ్చు మీదైతే గీతలు పడి అడ్వాన్సులోంచి కోత పడుతుంది. అది క్లాసులోనే చెయ్యండి.

డిసెంబరు సీజన్లో, అంటే చెన్నైలో ఏటా జరిగే సంగీత నృత్యోత్సవాల రోజుల్లో, చాలా సభల్లో (కచేరీలు పెట్టే సంస్థల్లో) పొద్దున, మధ్యాహ్నం కచేరీలకి టికెట్ ఉండదు. మ్యూజిక్ అకాడమీ డాన్స్ ఫెస్టివల్ ఏటా జనవరి 3 ప్రాంతంలో మొదలవుతుంది. నట్టువాంగం చేసేవాళ్ళు (తాళాలు వాయిస్తూ జతులు చెప్పి నాట్యాన్ని నడిపించేవాళ్ళు) కనిపించే వైపు కూర్చుంటే తాళాలకీ అడుగుకీ లంకె ఎలా కుదురుతుందో దగ్గరగా చూడొచ్చు. మీరూ ఎక్కడైనా ఆడబోతున్నట్టయితే కాస్ట్యూమ్ దసరాలోపే కుట్టడానికి ఇచ్చేయండి. కొలతలు నిలబడే కాక అరమండిలో కూర్చుని కూడా ఇవ్వాలి, లేకపోతే పైజామా కుట్టు స్టేజి మీదే విడుతుంది. నగల సెట్లు కపాలీశ్వరుడి గుడి మాడవీధుల్లో దొరుకుతాయి. సీజన్ మొదలయ్యాక మాత్రం టైలర్ ఫోను ఎత్తితే అదృష్టమే.