ఇసుక నేలలో పెరటి మొక్కలకు మల్చింగ్ పనిచేస్తుందా?

సోంపేట వైపు ఇసుక నేలలో పొద్దున పోసిన నీరు మధ్యాహ్నానికే ఆరిపోతోంది, వంగ, బెండ వాడిపోతున్నాయి, మల్చింగ్ (మొక్కల చుట్టూ నేలపై గడ్డి, ఆకులు పరవడం) పనిచేస్తుందా అని అడిగారు. తప్పకుండా పనిచేస్తుంది. ఇసుక నేలకే దాని అవసరం ఎక్కువ.

సోంపేట ఉన్న ఉద్దానం ప్రాంతంలో దానికోసం ఏమీ కొనక్కర్లేదు. వరిగడ్డి, రాలిన జీడాకులు, ముక్కలు చేసిన కొబ్బరి మట్టలు చాలు. ముందు నేలను బాగా తడిపి, 2-3 అంగుళాల మందాన పరవండి. ఎండ నేరుగా మట్టికి తగలదు కాబట్టి తేమ నిలుస్తుంది, వేళ్లు వేడెక్కవు, కలుపూ తగ్గుతుంది. అసలు లాభం మెల్లగా వస్తుంది. అడుగు పొర కుళ్లి మట్టిలో కలిసేకొద్దీ ఇసుకకు నీటిని, పోషకాలను పట్టి ఉంచే గుణం పెరుగుతుంది, వానపాములు చేరతాయి. ఒక్క సీజన్‌తో అయ్యే పని కాదు, పైన వేస్తూనే ఉండాలి.

ఎండుగడ్డిని మాత్రం మట్టిలో కలిపి తవ్వకండి. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకుంటాయి, ఆకులు పసుపెక్కుతాయి. పైన పరిస్తే ఆ ఇబ్బంది పెద్దగా ఉండదు.

కాండం చుట్టూ బెత్తెడు ఖాళీ వదలండి. అక్టోబరు, నవంబరు తుఫాను వానల్లో ఆ ఖాళీ ఇంకాస్త పెంచండి, లేకపోతే మొదలు కుళ్లుతుంది. చెదలు కనిపిస్తే ఎండు మట్టలు తీసేయండి.