అంబాసిడర్ బాడీని ఇంట్లోనే లేపొచ్చా?

ప్రశ్న: నాన్నగారి పాత అంబాసిడర్‌ని ఇంటి దగ్గరే బాగుచేస్తున్నానండీ. పోర్టికో శ్లాబుకున్న ఫ్యాను కొక్కేనికి చైన్ బ్లాక్ (బరువులు లేపే గొలుసు కప్పీ) తగిలించి, బాడీని ఛాసిస్ (కింది ఇనుప చట్రం) మీంచి లేపొచ్చా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దండీ బాబూ, అది ఫ్యాను మోసే కొక్కెం! పైగా అంబాసిడర్‌కి జీపులా విడి ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. ముందు బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు, ఇంజను, సీట్లు దించేయండి, బరువు బాగా తగ్గుతుంది. తలుపుల కింద పట్టీలు తుప్పుపట్టి ఉంటే మాత్రం, వాటిని కోయకముందే తలుపు ఖాళీలకి అడ్డంగా ఇనుప యాంగిల్ వెల్డింగ్ చేయించండి, లేకపోతే బాడీ మధ్యలో కుంగిపోయి తర్వాత తలుపులు చచ్చినా పడవు. గట్టి కాంక్రీటు నేల మీద కొద్దికొద్దిగా జాకీతో లేపుతూ స్టాండ్లు పెట్టండి. ఇటుకలు పెట్టారో, పగిలిపోతాయి. ఒట్టి జాకీని నమ్మి కిందకి అసలు దూరొద్దు. పక్కకి జరపడానికి ఆటోనగర్‌లో ఏ వెల్డరుకైనా చెప్పి చక్రాల ట్రాలీ చేయించుకోండి.