వెలుగు పెరిగిందని అప్పుడే సంబరపడకు

శ్రావ్యా,

మొక్కల్లో దొరికే రెస్వెరాట్రాల్, క్వెర్సెటిన్ వేసిన వెల్స్‌లో (ప్లేట్ గుంటల్లో) లూసిఫరేజ్ ఎంజైమ్ ఇచ్చే వెలుగు మూడు రెట్లయిందని రాశావు. మైఆర్-21 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏని, అంటే జీన్ల పనిని అణిచే ఆ చిన్న ఆర్‌ఎన్‌ఏని, ఆపే కాంపౌండ్లు దొరికాయని మీ గైడ్‌కి చెప్పేశావా? చెప్పకపోతే కాస్త ఆగు.

నీ రిపోర్టర్‌లో, అంటే వెలుగుతో సంగతి చెప్పే ఆ ప్లాస్మిడ్ డీఎన్‌ఏలో, మిణుగురు లూసిఫరేజ్ జీన్ చివర, ప్రోటీన్‌గా మారని త్రీ ప్రైమ్ యూటీఆర్ భాగంలో, మైఆర్-21 అతుక్కునే చోటు ఉంది కాబట్టి మైఆర్-21 పనిచేస్తున్నంతసేపూ వెలుగు తక్కువ, ఆపితే ఎక్కువ. బాగానే ఉంది. కానీ రెస్వెరాట్రాల్ నేరుగా ఆ లూసిఫరేజ్ ఎంజైమునే పట్టుకుని ఆపుతుంది. అలా పట్టుబడిన ఎంజైమ్ సెల్‌లో త్వరగా పాడవక పోగుపడుతుంది, చివర్లో నువ్వు సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ వెలిగించే పదార్థం) దండిగా పోస్తావు, ఆ పోగంతా వెలుగుతుంది! ఎంజైమ్‌ని ఆపేది వేస్తే వెలుగు పెరగడమేంటని నేనూ జుట్టు పీక్కున్నాను, ఇలాంటి హిట్ (పనిచేసినట్టు కనిపించిన కాంపౌండ్) వెనక ఆరు నెలలు పోగొట్టుకున్నవాణ్ణే.

అందుకని ముందు అదే ప్లాస్మిడ్‌లో మైఆర్-21 సీడ్ (దాని మొదటి కొన్ని అక్షరాలు) అతుక్కునే చోట అక్షరాలు మార్చి ఇంకోటి చేయించు. అందులోనూ వెలుగు అంతే పెరిగితే మైక్రోఆర్‌ఎన్‌ఏకి దానితో సంబంధం లేదు. పోల్చుకోడానికి రెనిల్లా లూసిఫరేజ్ పెట్టాను కదా అనకు, అది వేరే ఎంజైమ్, ఈ మోసాన్ని పట్టదు. ప్రతి ప్లేట్‌లో పోలికకి మైఆర్-21ని ఆపే యాంటీ-మైఆర్-21 ఉండాలి, కాంపౌండ్లని కరిగించే డీఎంఎస్‌ఓ అన్ని వెల్స్‌లో ఒకటే, 0.1 శాతం చాలు. సెల్స్ అంటావా, హీలా అనే క్యాన్సర్ సెల్స్ వాడు, అందులో మైఆర్-21 పుష్కలం.

పసుపు సంగతి వేరే చెప్పాలి. సీరం లేని బఫర్‌లో 37 డిగ్రీల దగ్గర పసుపులోని కర్క్యుమిన్ అరగంటలో దాదాపు 90 శాతం విరిగిపోతుంది. రెండు రోజుల తర్వాత నువ్వు చూసేది కర్క్యుమిన్ పనో, దాని ముక్కల పనో! క్వెర్సెటిన్ అయితే సెల్స్ పెరిగే మీడియాలోనే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది, సెల్స్‌కి ఒత్తిడి పెరిగితే మైక్రోఆర్‌ఎన్‌ఏలు ఎటూ మారతాయి. సెల్స్ బతికున్నాయో లేదో మొదట చూసుకో.

ఇవన్నీ దాటిన వాటికే క్యూపీసీఆర్, అంటే ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిచే పరీక్ష. మెచ్యూర్, అంటే పూర్తిగా తయారైన మైఆర్-21 ఒక్కటే కాదు, జీన్ నుంచి మొదట వచ్చే పొడుగు రూపం ప్రై-మైఆర్-21 కూడా కొలువు. రెండూ తగ్గితే జీన్ చదవడమే ఆగినట్టుంది, మెచ్యూర్ మాత్రమే తగ్గితే అప్పుడు ఆ పొడుగు రూపాన్ని కత్తిరించే ఎంజైములు డ్రోషా, డైసర్ వైపు చూడు. మైఆర్-21 అణిచే పీడీసీడీ4 ప్రోటీన్ పెరిగిందా, ప్రోటీన్ కొలిచే వెస్టర్న్ బ్లాట్ చెయ్యి.

నేలవేము ఎక్స్‌ట్రాక్ట్ జోలికి ఇప్పుడే పోకు, దాంట్లో ఏది ఏం చేసిందో తేల్చేసరికి నీ పీహెచ్‌డీ అయిపోతుంది. అక్షరాలు మార్చిన ఆ మ్యుటెంట్ ప్లాస్మిడ్ రిజల్ట్ రాగానే ఫోన్ చెయ్యి, రాత్రి పదైనా పర్లేదు.

మీ బాబాయి