ఒకే సెక్షన్‌లో ఒకరికి జైలు, ఒకరికి ఫైన్ ఎందుకు? అప్పీల్‌కి వెళ్తే శిక్ష పెరుగుతుందా?

మీ తమ్ముడికి పాత శిక్షాస్మృతి ఐపీసీ సెక్షన్ 324 (ఆయుధంతో గాయపరచడం) కింద ఏడాది జైలు పడింది, అదే సెక్షన్‌లో ఇంకొకతను ఫైన్ కట్టి ఇంటికెళ్లాడు, ఇదేం న్యాయం అని అడిగారు. నేను లాయర్ని కాదండి. మా బావ కేసు కోసం గుంటూరు కోర్టు చుట్టూ నాలుగేళ్లు తిరిగినవాణ్ణి.

ఆ సెక్షన్లో ఉన్నది మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కనీసం ఇంత వేయాలని లేదు. 2024 జులై 1 తర్వాతి గొడవలకి ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్ 118(1)లోనూ అంతే, జరిమానాకి మాత్రం 20,000 హద్దు పెట్టారు. ఆ 'లేదా'లోనే ఉంది జడ్జిగారి విచక్షణ అంతా. అలాగని నోటికొచ్చినంత వేయడం కాదు, ఎందుకు వేశారో రాయాలి.

మా బావది ప్రహరీగోడ తగాదా. పక్కింటాయన తలకి ఇనప రాడ్డు తగిలి ఐదు కుట్లు పడ్డాయి. నేరం రుజువైందని చెప్పాక మేజిస్ట్రేటుగారు "శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటావా?" అనడిగారు. మావాడు చేతులు కట్టుకుని "తమరి దయండి" అన్నాడు. అంతే! లాయరుగారు వేరే కోర్టులో ఉన్నారు, జూనియర్ నోరు మెదపలేదు. అంతకుముందు ఒక్క కేసూ లేదని, ఆసుపత్రి ఖర్చు తనే కట్టాడని, ఇంట్లో తల్లి మంచంలో ఉందని ఎవరూ చెప్పలేదు. ఏడాది జైలు, 1,000 ఫైన్.

శిక్ష మూడేళ్లు దాటలేదు, అప్పటికే బెయిల్ మీద ఉన్నాడు కాబట్టి, అప్పీల్ వేసుకునేదాకా ఆ కోర్టే శిక్ష ఆపింది. జామీనుదారుడి ఇంటిపన్ను రసీదు కోసం నేను బండి మీద పెదకాకాని పరిగెత్తిన మధ్యాహ్నం ఇప్పటికీ మర్చిపోలేను.

సెషన్స్ కోర్టులో అప్పీల్‌కి 30 రోజులు గడువు. తీర్పు కాపీ ముద్దాయికి ఉచితం. మా లాయరు రాసిన అప్పీల్లో సాక్షుల మీద పదకొండు పాయింట్లున్నాయి, శిక్ష మీద ఒక్కటీ లేదు. పోట్లాడి రాయించాం: నేరం నిలబడినా ఇంత శిక్ష ఎక్కువ, మొదటి తప్పు, 1958 నాటి ప్రొబేషన్ చట్టం (జైలుకి పంపకుండా మంచి నడవడికకి హామీ తీసుకుని వదిలేయడం) కింద అయినా చూడండి అని.

పెరుగుతుందన్న భయం మాకూ ఉండేది. మీరు వేసిన అప్పీల్లో సెషన్స్ జడ్జి శిక్ష తగ్గించొచ్చు, అలాగే ఉంచొచ్చు. పెంచడానికి మాత్రం లేదు. పెంచాలంటే ప్రభుత్వం విడిగా అప్పీల్ వేయాలి, అప్పుడూ మీ వాదన వినాలి. దెబ్బలు తిన్నవాళ్లు 'శిక్ష చాలదు' అంటూ సొంతంగా అప్పీల్ వేయలేరు.

మాకు నేరం కొట్టేయలేదు. ప్రొబేషనూ ఇవ్వలేదు. జైలు బదులు కోర్టు లేచేదాకా కూర్చోమన్నారు, పక్కింటాయనకి 25,000 పరిహారం కట్టమన్నారు. సాయంత్రందాకా బావ వెనక బెంచీ మీద కదలకుండా కూర్చున్నాడు, టీ కూడా వద్దన్నాడు.

కాపీ ఇంకా తీసుకోకపోతే రేపే వెళ్లండి. ముందు చివరి పేజీ తిప్పండి, శిక్ష గురించి అడిగినప్పుడు మీ తమ్ముడు ఏం చెప్పాడో అక్కడుంటుంది.