నేనంటే నీకు ఇష్టమేనా అమ్మా?

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. ఈమధ్య తలుపు వేసుకుని టీనేజ్ పిల్లల మీద తీసిన అమెరికన్ కామెడీ సినిమాలే చూస్తోంది. ఓ రోజు తొంగిచూస్తే, తెరమీద ఓ పిల్ల తల్లితో గొడవపడి కదులుతున్న కారులోంచి దూకేసింది. అది చూసి మా అమ్మాయి పడీపడీ నవ్వుతోంది! కోపం ఆపుకోలేక ఫోన్ లాక్కున్నాను. పది రోజులుగా నాతో మాటల్లేవు. ఈ సినిమాలు పిల్లల్ని చెడగొట్టవా?

జవాబు: అమ్మా, మీరు చెబుతున్నది 2017లో వచ్చిన ‘లేడీ బర్డ్’ సినిమా అనుకుంటాను. గ్రెటా గెర్విగ్ రాసి, తీశారు. ఐదు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. మీరు కాస్త ముందు తొంగిచూసి ఉంటే, అదే కారులో ఆ తల్లీకూతుళ్లు ఓ నవల క్యాసెట్ వింటూ కళ్లు తుడుచుకోవడం కనిపించేది. క్యాసెట్ అయిపోతుంది. కూతురు రేడియో పెట్టబోతుంది, తల్లి వద్దంటుంది. అక్కడ మొదలైన మాట కాలేజీ చదువు దాకా పోతుంది. మీ ఇంట్లో గొడవలు కూడా ఇంత చిన్నవాటితోనే మొదలవుతున్నాయేమో గుర్తుచేసుకోండి.

అందులోనే ఇంకో చోట కూతురు గులాబీరంగు గౌను వేసుకుని ట్రయల్ రూమ్‌లోంచి వస్తుంది. రంగు మరీ ఎక్కువైందేమో అంటుంది తల్లి. పిల్ల మొహం వాడిపోతుంది. నేను నీకు నచ్చితే బాగుండు అంటుంది. ప్రేమ ఉందిగా అంటుంది తల్లి. ‘ప్రేమ సరే, నేనంటే ఇష్టమేనా?’ అన్నది ఆ పిల్ల ప్రశ్న. తల్లి సూటిగా అవునని చెప్పలేకపోతుంది. నా దగ్గరికి వచ్చే పిల్లలు ఎంతోమంది ఏడుస్తూ అడిగేది కూడా ఇదే.

మీ భయంలో అర్థం లేదని అనను. ఈ సినిమాకీ, 13 ఏళ్ల పిల్ల కథ అయిన ‘ఎయిత్ గ్రేడ్’ (2018)కీ అమెరికాలో ‘ఆర్’ సర్టిఫికెట్ ఇచ్చారు. అంటే అక్కడి థియేటర్లలో 17 ఏళ్లు నిండనివాళ్లు పెద్దవాళ్లతో వచ్చి చూడాలి. బూతులుంటాయి, సెక్స్ ప్రస్తావన ఉంటుంది. ‘ఎయిత్ గ్రేడ్’లో ఓ పెద్ద కుర్రాడు కారు వెనక సీట్లో ఆ పిల్లను ఒత్తిడి చేసే సన్నివేశం చూస్తే మనకే ఊపిరాడదు. ఆ పిల్ల వద్దంటుంది, పైగా తనే సారీ చెబుతుంది. సారీ చెప్పాల్సింది తను కాదని మీ అమ్మాయికి మీ నోటితో చెప్పాలి. ఫోన్ లాక్కుంటే ఆ మాట ఎప్పుడు చెబుతారు?

ఫోన్ ఈరోజే ఇచ్చేయండి. ‘అలా లాక్కోవడం నా తప్పు’ అనండి, దాని వెనకాల ‘కానీ’ తగిలించకండి. తర్వాత ‘ఆ సినిమా నాకూ చూపిస్తావా’ అని అడగండి. చూసేటప్పుడు మధ్యలో ఆపి నీతులు చెప్పొద్దు. తను నవ్వితే నవ్వనివ్వండి, మీకు ఏడుపొస్తే దాచుకోకండి. వద్దంటే బలవంతపెట్టకండి, రెండు రోజులాగి మళ్లీ అడగండి.

‘లేడీ బర్డ్’లో ఆ తల్లి కూడా కూతురితో మాట్లాడడం మానేస్తుంది. ఉత్తరాలు రాస్తుంది, నచ్చక ఉండచుట్టి పారేస్తుంది. తండ్రి వాటిని ఏరి కూతురి సూట్‌కేసులో పెడతాడు. అవి చదివేసరికి ఆ పిల్ల ఇల్లు వదిలి న్యూయార్క్‌లో ఉంటుంది. మీ అమ్మాయి ఇంకా పక్కగదిలోనే ఉంది. ఈ రాత్రి ఓ కాగితం తీసుకుని, తనలో మీకు నచ్చేవి రాయండి. మార్కుల సంగతి వద్దు. తన నవ్వు గురించి రాయండి. తప్పులున్నా చింపేయకుండా తన దిండు కింద పెట్టండి.